ఊదకూడని ఆగస్టు

జూలై 28

పీకించుకున్నాను. పై దవడలో కుడివైపు, వెనక దంతం. ఈస్టరు నుంచీ దాన్ని బతిమాలుకుంటూ, లవంగం నొక్కుకుంటూ నెట్టుకొచ్చాను. మొన్న పెళ్ళిలో వాయిస్తుంటే కళ్ళు తిరిగాయి. మా ఫిడేలు నాసోస్ నా మొహం చూసి పాట తొందరగా తేల్చేశాడు. ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. మా ఆవిడ అంథూలా కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ అలా నిలబడిందంటే ఇక వాదన లేదు. కాపురం పెట్టిన ఏడాదే తెలిసిపోయింది నాకు.

డాక్టర్ దానాయి చిన్నపిల్ల. మా అమ్మాయి కంటే చిన్నది. మధ్యలో వేరు విరిగింది. చెమటలు పట్టాయి, నాకు కాదు, ఆ పిల్లకి. అయినా ముక్కలన్నీ ఏరి తీసింది. పనయ్యాక దూది కరిపించి, "ఏం చేస్తుంటారు మీరు?" అంది. నోట్లో దూది. అంథూలాయే చెప్పింది.

"క్లారినెట్ వాయిస్తాడు."

ఆ పిల్ల మొహం మారిపోయింది. బల్ల మీద కాగితం లాక్కుని బొమ్మ గీసింది. దవడ ఎముక, దాని పైన ఒక ఖాళీ గది, ఆ గదిలోకి దారి తీసే ముక్కు. నా పన్ను వేళ్ళు ఆ గది నేలలోకి దిగి ఉన్నాయట. ఇప్పుడు నేల పలచబడింది. చిన్న చిల్లు కూడా పడిందేమోనని అనుమానం. రెండు కుట్లు వేసింది.

"గుంటలో గడ్డకట్టిన రక్తమే ఇప్పుడు దానికి మూత. అది కదిలితే మీ నోటికీ ముక్కుకీ మధ్య దారి పడుతుంది. పొగ తాగకూడదు, గొట్టంతో పీల్చకూడదు, ఉమ్మకూడదు. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. ఇక ఊదడం అంటారా, నేను చెప్పేదాకా వద్దు."

"పదిహేనో తారీఖున మేరీమాత తిరునాళ్ళు," అంది అంథూలా.

"ఈ ఏడు వినండి," అంది డాక్టరు.

వినడమట! నేను!

ఎక్కువ మాట్లాడొద్దంది కూడా. అందుకని అమ్మాయి వదిలేసిన పాత డైరీలో ఇదంతా రాస్తున్నాను. చెంప ఉబ్బింది. అంథూలా మూడు దిండ్లు పెట్టింది తల కింద. పెళ్ళికొడుకులా కూర్చుని పడుకోవాలట.


జూలై 29

వంగెలియో అత్త వచ్చింది, చంకలో సీసాతో. ఇంట్లో కాచిన ద్రాక్ష సారా.

"దీంతో బాగా పుక్కిలించరా. లోపల పురుగులన్నీ చస్తాయి."

"పురుగుల సంగతేమో గానీ నా మొగుడు చస్తాడు," అని అంథూలా సీసా తీసి అలమరలో పెట్టేసింది. "పుక్కిలిస్తే గడ్డ ఊడొస్తుంది, అత్తా."

"మా రోజుల్లో ఎవరికి ఊడింది?"

"నీ పళ్ళెన్ని ఉన్నాయి అత్తా?"

అత్త చేత్తో నోరు కప్పుకుంది. తనకి ఉన్నవి రెండు.

సాయంత్రం నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. నోట్లో ఊరికే పట్టుకుని, తల పక్కకి వాల్చి, వాటంతట వాటిని జారనివ్వాలి. చొంగ కార్చుకునే పసివాడిలా. అంథూలా గిన్నె పట్టుకుని పక్కనే నిలబడుతుంది.


జూలై 31

నోరు తెరిచి తుమ్మాను. పిల్లి బల్ల కిందికి దూరింది, ఇంకా బయటికి రాలేదు.


ఆగస్టు 1

ఇవాళ్టి నుంచి మేరీమాత ఉపవాసాలు. పద్నాలుగో తారీఖు దాకా మాంసం లేదు, పాలు లేవు, పెరుగు లేదు. నేనేమో రొట్టె నమలలేను. నమలకుండా దిగేది ఒక్క పెరుగే. అంథూలా నన్ను తీసుకెళ్ళి ఫాదర్ సెరాఫీమ్ ముందు నిలబెట్టింది. ఆయన నా చెంప చూశాడు.

"రోగికి ఉపవాసం లేదమ్మా. పెరుగు మందే అనుకోండి."

"తేనె వేసుకోవచ్చా ఫాదర్?" అన్నాను, నోరు సగం తెరిచి.

"మందులో తేనె వేసుకుంటారేంటయ్యా?"

ఇంటికొచ్చి వేసుకున్నాను.

అమ్మ ఉంటే నన్ను చూసి తల కొట్టుకునేది. ఎనభై దాటినా ఒక్క ఉపవాసం తప్పలేదు ఆవిడ. ఫిబ్రవరిలో పోయింది. ఈ తిరునాళ్ళు ఆవిడ లేని మొదటి తిరునాళ్ళు. మా వైపు తిరునాళ్ళు ఎప్పుడూ పోయినవాళ్ళ పాటతోనే మొదలవుతాయి. మాటలుండవు, క్లారినెట్ ఒక్కటే ఏడుస్తుంది, ఊరంతా లేచి నిలబడుతుంది. ఆ తర్వాతే ఆటా పాటా. ఈ ఏడు ఆ పాట అమ్మకి వాయిస్తానని పాతిపెట్టిన రోజే అనుకున్నాను. పైకి అనలేదు. అనుకున్నాను.

ఐదు నిమిషాల పాట. అంతే.


ఆగస్టు 2

పెట్టె తెరిచి క్లారినెట్ తుడిచాను. నూనె రాశాను. మళ్ళీ పెట్టేశాను. వాపు బాగా తగ్గింది. నొప్పి అసలు లేదు. కుర్ర డాక్టర్లు కాస్త ఎక్కువే భయపెడతారు.


ఆగస్టు 3

రీడు, అదే నోట్లో పెట్టుకునే చోటి రెల్లు ముక్క, ఎండిపోయిందేమోనని చూశాను. కొట్టంలో, గొర్రెల దగ్గర. ఒక్క స్వరం. దాన్ని వాయించడం అనరు.

రాత్రి నీళ్ళు తాగుతుంటే ముక్కు తడిగా అనిపించింది. ఉక్కపోత. చెమటై ఉంటుంది.


ఆగస్టు 4

చెమట కాదు.

పొద్దున చల్లారిన కాఫీ తాగుతున్నాను. కుడి ముక్కులోంచి మీసం మీదికి కారింది. అంథూలా చూసింది. కప్పు కింద పెట్టింది. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం. నేనే చెప్పేశాను. నిన్న ఊదినప్పుడు చెవి దగ్గర సన్నగా గాలి బుస్సుమందని, పై చిగురు దగ్గర ఏదో తెగినట్టైందని, అయినా ఇంకో రెండు స్వరాలు ఊదానని.

డాక్టరు ఆస్పత్రి మూసి ఉంది. ఆగస్టు సెలవులు. అంథూలా ఫోను చేస్తే ఆ పిల్ల సముద్రం దగ్గర ఉంది, కాబోయే మొగుడితో. "నోట్లో ఏమీ పోయకండి, వస్తున్నాను," అందట. మేము కొండ దిగేసరికి వచ్చి తలుపు తీసి ఉంది. జుట్టు తడి. చెప్పుల నిండా ఇసుక. తెల్ల కోటు కింద పూల గౌను.

"నిజం చెప్పండి లాంబ్రోస్ గారూ. ఊదారా?"

"ఒక్క స్వరం."

"ఎంతసేపు?"

"చిన్నది."

"ఈయన చిన్న స్వరం అంటే గొర్రెలు కొండెక్కి దిగొస్తాయి డాక్టరమ్మా," అంది అంథూలా.

ఆ పిల్లకి నవ్వు రాలేదు. ముక్కు మూసి మెల్లిగా గాలి వదలమంది, అద్దం పెట్టి చూసింది. దారి పడింది. ఈసారి చెంప వైపు చిగురు కోసి, లాగి, గుంట మీద దుప్పటిలా కప్పి కుట్టింది. చాలాసేపు పట్టింది. బయట కారులో ఆ కుర్రాడు ఎండలో కూర్చునే ఉన్నాడు, పాపం, హారను కూడా కొట్టకుండా.

అయిపోయాక నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది మళ్ళీ తెరుచుకుంటే నా చేతుల్లో ఉండదు. యానినా పట్నంలో పెద్దాస్పత్రి. పైన గదిలో చీము పట్టిందంటే ఎన్ని నెలలో నేను చెప్పలేను. అసలు మళ్ళీ వాయించగలరో లేదో కూడా చెప్పలేను. ఏమంత తొందర మీకు?"

నేను అమ్మ గురించి చెప్పాను. నాలుక మొద్దుబారి ఉంది, మాటలు సగం సగమే వచ్చాయి. ఆ పిల్ల అంతా విన్నది. మాత్రల చీటీ రాసింది. మధ్యలో బాగున్నా సరే ఆపకుండా చివరి మాత్ర దాకా మింగాలంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మమ్మ పోయిన ఏడు ఆవిడకి మీరే వాయించారు, కింది ఊళ్ళో. నేను చిన్నదాన్ని అప్పుడు. మీరు ఇంకా చాలామందికి వాయించాలి. అందుకే తిడుతున్నాను."

దారి పొడుగునా ఆ చీటీ మడవడం, విప్పడం, అదే పని నాకు.


ఆగస్టు 6

అంథూలా కిట్సోస్‌కి ఫోను చేసింది. నాకు చెప్పకుండా! కిట్సోస్‌కి! అవతలి కొండ మీది ఆ కిట్సోస్‌కి! నేను వాయిస్తే మేకలు పాలివ్వడం మానేస్తాయని కాఫీ హోటల్లో అందరి ముందూ అన్న మనిషికి! మా ఊరి తిరునాళ్ళలో నా కుర్చీలో వాడు కూర్చుంటాడట!

"మరి ఎవర్ని పిలవమంటావు? ఫాదర్‌ని ఊదమంటావా?" అంది.


ఆగస్టు 7

అంథూలాతో మాట్లాడలేదు. మాట్లాడొద్దని డాక్టరే చెప్పింది.


ఆగస్టు 8

మాట్లాడాను. ఉప్పు ఎక్కడ పెట్టిందో తెలియలేదు.


ఆగస్టు 10

కిట్సోస్ వచ్చాడు. ముసలాడైపోయాడు. నాకూ వాడికీ ఒకటే వయసు. బుట్ట నిండా అంజీరపళ్ళు తెచ్చాడు. అంథూలా చూసి బుట్ట వెనక్కి తోసింది.

"గింజలు. కుట్లలో ఇరుక్కుంటే చీము పడుతుంది."

"పళ్ళు లేనివాడికి పళ్ళు తెచ్చాను, నాదే బుద్ధి తక్కువ," అన్నాడు కిట్సోస్. అని తనే ఒకటి నోట్లో వేసుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకున్నాను గానీ వచ్చింది.

అంథూలా కాఫీ తెచ్చింది. నా కాఫీ చల్లారేదాకా వాడు కూడా తన కాఫీ ముట్టుకోలేదు. సిగరెట్టు తీసి, నా మొహం చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడన్నాడు:

"ఒరే లాంబ్రో. పోయినవాళ్ళ పాట నేను వాయిస్తే మా ఊరి పాట అవుతుంది. మీ అమ్మకి, మా అలెక్సో పెద్దమ్మకి, మా ఊరి పాట ఏం బాగుంటుంది? ఆవిడ చివర గొంతు కిందికి జార్చేది చూడు, బండ మీద నీళ్ళు జారినట్టు. అది నాకు రాదు. చూపించు."

"ఊదకూడదు."

"ఆవిడ ఊదిందా? పాడింది కదరా."

మాటల్లేని ఆ పాటని అమ్మ ఉత్త గొంతుతో తీసేది, ఆ జారుడు ఆవిడదే. మా అమ్మ వాళ్ళమ్మ దగ్గర పట్టింది. నేను అమ్మ దగ్గర పట్టాను. ఎవరికీ చూపించలేదు. నాసోస్‌కి కూడా.

అంథూలా డాక్టరుకి ఫోను చేసి అడిగింది, పాడొచ్చా అని. "నోరు తెరిచి, మెల్లిగా, పాపాయిని జోకొట్టినట్టు," అందట ఆ పిల్ల. సరే, పాడాను. వాడు క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఊదాడు. తప్పు. మళ్ళీ పాడాను. మళ్ళీ తప్పు. "అంత తొందరెందుకురా, ఆవిడ వయసు చూడు," అన్నాను. మూడోసారో నాలుగోసారో వాడు ఊపిరి సగంలో ఆపాడు, జార్చాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

వాడు ఎంత బాగా వింటాడో నాకిన్నాళ్ళూ తెలియదు.

వెళ్తూ గుమ్మంలో అన్నాడు: "ఆ మేకల మాట నేనన్నది కాదు. నేనన్నది గొర్రెలు."


ఆగస్టు 13

కుట్లు విప్పింది. నోరు తెరిచి చూపించమని, ముక్కు మూయించి, గాలి వదలమంది. ఏ బుస్సూ లేదు. చిగురు అతుక్కుంది, గులాబీ రంగులో ఉందట. "ఈ రంగు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది," అంది. ఊదడం మాత్రం ఇంకా లేదు. అడగలేదు కూడా నేను. అంథూలా చేసిన పాలకూర పిండివంట ఇచ్చి వచ్చాం, ఉపవాసాలకి జున్ను లేనిది. కాబోయే మొగుడికి కూడా ఒక ముక్క వేరే కట్టింది అంథూలా. ఆ రోజు ఎండలో కూర్చున్నందుకు.


ఆగస్టు 16

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను, ఎంత పొడుగైనా సరే.

పూజ అయ్యాక మధ్యాహ్నం బడి ఆవరణలో బల్లలు వేశారు. యానినా నుంచి, ఏథెన్స్ నుంచి, జర్మనీ నుంచి అందరూ వచ్చారు. ప్రతివాడూ నా చెంప తట్టబోవడం, అంథూలా వాడి చెయ్యి పట్టుకోవడం. నాసోస్ నా కుర్చీ ఎప్పటిచోటే వేశాడు. కిట్సోస్ వచ్చి దాన్ని చూశాడు. పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా కుర్చీలో నన్ను కూర్చోబెట్టి చేతికి కంజీర ఇచ్చాడు.

"చేతులకి పళ్ళు పీకలేదుగా?" అన్నాడు.

అందరూ లేచి నిలబడ్డారు. ఫాదర్ టోపీ తీశాడు. నాసోస్ ఫిడేలు మీద ఒకే స్వరం పట్టి ఉంచాడు, నేల పరిచినట్టు. కిట్సోస్ మొదలుపెట్టాడు.

నేను వాయించేటప్పుడు కళ్ళు మూసుకుంటాను. మొదటినుంచీ అంతే. కాబట్టి ఆ పాట వింటూ జనం ఎలా ఉంటారో నేనెప్పుడూ చూడలేదు. నిన్న చూశాను. వంగెలియో అత్త పెదవులు కదుపుతోంది. పేర్లు చెప్పుకుంటోంది. మొగుడి పేరు, తర్వాత కొడుకు పేరు, తర్వాత మా అమ్మ పేరు. జర్మనీ నుంచి వచ్చిన లావాటి మనిషి, ఎవరో గుర్తు కూడా పట్టలేదు నేను, కారు తాళాలు పిడికిట్లో బిగించి నేల చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ నేను వాయించింది వీళ్ళకా? నాకు తెలియనే తెలియదు.

అప్పుడు జారుడు వచ్చింది. అమ్మది. బండ మీద నీళ్ళలా.

నాకంటే బాగా వాయించాడు. ఇక్కడ రాస్తున్నాను గానీ ఎవరికీ చెప్పను. కాదు, నాకంటే బాగా అని కాదు. అమ్మలా వాయించాడు. అది వేరు.

ఏడుపు వచ్చింది. ఏడిస్తే ముక్కు కారుతుంది. చీదకూడదు. కాబట్టి కళ్ళూ ముక్కూ మీసం అన్నీ కారుతుంటే, కంజీర పట్టుకుని నోరు తెరుచుకుని కూర్చున్నాను, నిలువునా తడిసిన గొర్రెలా. అంథూలా వచ్చి రుమాలుతో అద్దింది. రుద్దలేదు, అద్దింది. "చీదకు," అంది చెవిలో. "నీ ఇష్టం వచ్చినంత ఏడువు. చీదకు మాత్రం."

ఆ తర్వాత ఆటలు. కంజీర వాయించడం కష్టం కాదు, కళ్ళు ఖాళీగా ఉంటాయి. వరస కట్టి ఆడుతున్నారు, ఒక్కో ఇల్లాలు ముందుకొచ్చి తన పాట అడిగి వరసని నడిపిస్తోంది. అంథూలా వంతు వచ్చింది. నేను వాయించేటప్పుడు ఆవిడ ఆడుతుందని తెలుసు. ముందు నడిచే మనిషి పట్టుకునే రుమాలు రెండో కొస ఆవిడ తమ్ముడి చేతిలో ఉండేది. ఆడుతుందని తెలుసంతే. చూడలేదు.

ఆవిడ అడుగు వేసే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. మడమ నేలకి ఆనీ ఆననట్టు ఉంటుంది. పాట ముందుకెళ్ళిపోతుందేమో అనిపిస్తుంది. వెళ్ళదు, ఆవిడ అందుకుంటుంది. ఎంత బాగుంది! కంజీర తప్పు కొట్టాను. నాసోస్ నవ్వాడు.

అంథూలా వరస వదిలి నేరుగా నా దగ్గరికి వచ్చింది. రుమాలు చాచింది.

"లే."

"డాక్టరు ఎగరొద్దంది. వంగొద్దంది."

"నిటారుగానే రా. నేను నడిపిస్తాను."

"అడుగులు రావే నాకు. ఎప్పుడైనా ఆడానా?"

"నీ చెవులకి వచ్చు. కాళ్ళకి నేను చెబుతా."

లేచాను. కిట్సోస్ నా చెంప వంక చూసి పాట నెమ్మది చేశాడు. ఎంత నెమ్మదంటే ముసలాళ్ళు కూడా లేచి వరసలో కలిశారు. నేను రెండుసార్లు అడుగు తప్పాను. అంథూలా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళయింది మా పెళ్ళై. మా పెళ్ళిలో కూడా నేనే వాయించాను.


ఆగస్టు 17

కాళ్ళు నొప్పులు. పన్ను దగ్గర ఏ నొప్పీ లేదు.


ఆగస్టు 25

పెరుగు, ఉడికించిన గుమ్మడికాయ, మెత్తగా చేసిన బంగాళాదుంప. నిన్న మొదటిసారి మాంసం తిన్నాను, ఎడమవైపు నమిలి. తింటుంటే వంగెలియో అత్త అసూయగా చూసింది. తనకీ మెత్తగా నూరి పెట్టింది అంథూలా.


సెప్టెంబరు 3

డాక్టర్ దానాయి అద్దం పెట్టి చూసింది, నీళ్ళు తాగించింది, ముక్కు మూయించింది. ఏ దారీ లేదు. "ఇంటికెళ్ళి మెల్లిగా మొదలుపెట్టండి. ఇవాళ ఒక్క స్వరం. నిజంగా ఒక్కటే," అంది. ఆస్పత్రి తలుపు దగ్గర ఆ పిల్లకి దండం పెట్టాలనిపించింది. నాకంటే అంత చిన్నదానికి ఎలా పెట్టను? నుదుటి మీద ముద్దు పెట్టాను. సిగ్గుపడింది.

ఇంటికొచ్చి ఊదాను. కింది స్వరం, పొడుగ్గా. చెవి దగ్గర ఏ చప్పుడూ లేదు. అంథూలా తలుపు దగ్గర నిలబడి నా ముక్కు వంకే చూస్తోంది. పొడిగా ఉంది.

దేవుడా, నీకూ, ఆ పిల్లకీ, చెప్పుల్లో ఇసుకకీ, ఇంట్లో ఆ ఉప్పునీళ్ళ గిన్నెకీ దండం.

సాయంత్రం కిట్సోస్‌కి ఫోను చేశాను. ఎనిమిదో తారీఖున కింది ఊళ్ళో తిరునాళ్ళు, రమ్మన్నాను.

"నోరు బాగైందన్నావు కదరా. మళ్ళీ నేనెందుకు?"

"ఒక్క పాటకి."

"ఏ పాట?"

"అంథూలా ఏది అడిగితే అది."